బానెట్ కింది నుంచి కారు లోపలికి వైరు తీసుకురావడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫాగ్ ల్యాంపులు, హారన్లు, ఆంప్లిఫయరు, టైర్లకు గాలి కొట్టే కంప్రెసరు, ఏది బిగించినా చివరికి వచ్చే చిక్కు ఒకటే. బ్యాటరీ బానెట్ కింద ఉంటుంది, స్విచ్చు చేతికందేలా డ్యాష్‌బోర్డులో ఉండాలి, మధ్యలో ఫైర్‌వాల్ అనే రేకు గోడ. ఇక్కడున్న సమాధానాలు 12 వోల్టుల బ్యాటరీతో నడిచే పెట్రోలు, డీజిలు, సీఎన్‌జీ కార్లకు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల సంగతి చివర విడిగా ఉంది.

అసలు బ్యాటరీ నుంచి లోపలికి వైరు లాగాల్సిందేనా?

చాలా సందర్భాల్లో అక్కర్లేదు. ముందు ఇది తేల్చుకుంటే సగం పని తప్పుతుంది.

డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, ఫోన్ చార్జర్ లాంటివి లాగేది ఒకటి రెండు ఆంపియర్లే. వాటికి లోపలి ఫ్యూజు బాక్సే చాలు. లైట్లు, హారన్లు ఎక్కువ కరెంటు తీసుకుంటాయి గానీ, అవి ఉండేదే బానెట్ వైపు. వాటి కరెంటును లోపలికి తెచ్చి, స్విచ్చు గుండా తిప్పి, మళ్లీ బయటికి పంపడంలో అర్థం లేదు. రిలే (సన్న వైరు కరెంటుతో పెద్ద కరెంటును కలిపి విడదీసే స్విచ్చు) పెడితే లావు వైరు మొత్తం బానెట్ కిందే ఉండిపోతుంది, స్విచ్చు దగ్గర్నుంచి ఒక సన్న వైరు మాత్రమే గోడ దాటుతుంది. లావు వైరు నిజంగా లోపలికి రావాల్సింది ఆంప్లిఫయరుకు, కారు ఫ్రిజ్‌కు, కంప్రెసరు కోసం పెట్టే ప్రత్యేక సాకెట్‌కు.

లోపలి ఫ్యూజు బాక్సు నుంచి కరెంటు ఎలా తీసుకోవాలి?

ఫ్యూజు ట్యాప్ అని దొరుకుతుంది. ఉన్న ఫ్యూజు పీకి దాని స్థానంలో ట్యాప్ గుచ్చి, పాత ఫ్యూజును, కొత్త ఫ్యూజును రెండింటినీ ట్యాప్‌లోనే పెట్టాలి. కొనే ముందు మీ బండి ఫ్యూజు ఒకటి పీకి పట్టుకెళ్లండి. మినీ, లో ప్రొఫైల్ మినీ, మైక్రో2 అని రకాలున్నాయి, ఒకదాని ట్యాప్ ఇంకోదానికి సరిపోదు.

ట్యాప్‌ను ఏ వైపు తిప్పి పెట్టామన్నది ముఖ్యం. ఫ్యూజు పీకాక సాకెట్‌లో రెండు కాళ్లలో దేనికి సప్లయి వస్తోందో మల్టీమీటరుతో చూడండి. రెండు ఫ్యూజులకూ ఉమ్మడిగా ఉన్న ట్యాప్ కాలు ఆ సప్లయి వైపు కూర్చోవాలి. తిరగేసి పెడితే కొత్త పరికరం కరెంటు కూడా పాత ఫ్యూజు గుండానే పోతుంది, దాని మీద భారం పెరుగుతుంది. డ్యాష్‌క్యామ్‌కి 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటరు) ఫ్యూజుల జోలికి వెళ్లొద్దు. సిగరెట్ సాకెట్, వైపరు, రేడియో ఫ్యూజుల్లో ఒకటి ఎంచుకోండి.

రిలే ఎలా కలపాలి? లోపలికి ఏ వైరు రావాలి?

రెండు 55 వాట్ల ఫాగ్ ల్యాంపులు తీసుకోండి. 110 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర సుమారు 9 ఆంపియర్లు. ఇంత కరెంటును డ్యాష్‌బోర్డు స్విచ్చు గుండా పంపితే స్విచ్చు లోపలి రాగి పత్తీలు కాలుతాయి. రిలే కాయిల్ తీసుకునేది 0.2 ఆంపియరు లోపే.

మామూలు 30/40 ఆంపియర్ల రిలే వెనక అంకెలు ముద్రించి ఉంటాయి. 30కి బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా 2.5 స్క్వేర్ ఎం.ఎం. వైరు. 87 నుంచి అదే మందంలో లైట్లకు. 85 ఎర్త్‌కు, అంటే కారు బాడీ రేకుకు. 86కి స్విచ్చు నుంచి వచ్చే సన్న వైరు. ఈ చివరిదొక్కటే ఫైర్‌వాల్ దాటేది, 0.75 లేదా 1 స్క్వేర్ ఎం.ఎం. సరిపోతుంది. మధ్యలో 87ఎ అని ఐదో కాలు ఉంటే దాన్ని ఖాళీగా వదిలి టేపు చుట్టండి. రిలే పనిచేయనప్పుడు 30తో కలిసి ఉండేది అదే, అంటే లైట్లు ఆరి ఉన్నంతసేపూ అక్కడ కరెంటు ఉంటుంది.

స్విచ్చుకు సప్లయి మాత్రం తాళం తిప్పితేనే వచ్చే ఫ్యూజు నుంచి, 3 ఆంపియర్ల ఫ్యూజు ట్యాప్‌తో తీసుకోండి. నేరుగా బ్యాటరీ నుంచి ఇస్తే బండి ఆపాక లైట్లు ఆర్పడం ఒక్కసారి మరిచిపోయినా తెల్లారేసరికి బండి స్టార్ట్ కాదు. రిలేను కాళ్లు కిందికి ఉండేలా బిగించండి, నీరు నిలవదు.

ఏ మందం వైరు కొనాలి?

పొడవు మీటర్లలో, కరెంటు ఆంపియర్లలో తీసుకుని రెండింటినీ గుణించి, 0.0175తో మళ్లీ గుణించి, వైరు మందం స్క్వేర్ ఎం.ఎం.తో భాగించండి. వచ్చేది వోల్టేజీ నష్టం. 0.4 వోల్టు దాటకుండా చూసుకోండి, లైట్లకైతే ఇంకా తక్కువ.

కంప్రెసరు 12 ఆంపియర్లు లాగుతుంది, వైరు 3 మీటర్లు అనుకుందాం. 2.5 స్క్వేర్ వైరులో నష్టం పావు వోల్టు. 1 స్క్వేర్ వైరులో 0.63 వోల్టు, పైగా వైరు వేడెక్కుతుంది. డిక్కీలో ఆంప్లిఫయరు 40 ఆంపియర్లు లాగేదైతే 5 మీటర్లకు 10 స్క్వేర్ వైరులో 0.35 వోల్టు, 16 స్క్వేర్‌లో 0.22. ఆంప్లిఫయరు పెట్టె మీద రాసే పెద్ద వాట్ల అంకె చూసి లెక్క కట్టకండి. ఆర్‌ఎంఎస్ వాట్లు (అది నిలకడగా ఇచ్చే వాట్లు) చూడండి, లేదా దానిమీదే ఉన్న ఫ్యూజుల ఆంపియర్లు కూడండి.

గేజ్ నంబర్లతో అమ్మితే: 8 గేజ్ సుమారు 8.4 స్క్వేర్ ఎం.ఎం., 4 గేజ్ 21, 14 గేజ్ 2. నంబరు పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది. చవక కిట్లలో పైన తొడుగు లావుగా ఉండి లోపల లోహం సన్నగా ఉంటుంది, కాబట్టి చివర కోసి చూసి కొనండి.

కోసినప్పుడు రంగు కూడా గమనించండి. పైన రాగి రంగు ఉండి, పోగును బ్లేడుతో గీరితే లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం. రాగితో పోలిస్తే మూడింట రెండు వంతుల కరెంటే సులువుగా మోస్తుంది, వంచితే త్వరగా తెగుతుంది, తేమ తగిలితే లగ్గు (వైరు చివర బిగించే లోహపు కొస) దగ్గర పొడిగా రాలుతుంది. బానెట్ కింద దాన్ని వాడొద్దు.

ఇల్లు కట్టినప్పుడు మిగిలిన వైరు వాడొచ్చా?

వద్దు. మామూలు ఇంటి వైరు తొడుగు 70 డిగ్రీల సెల్సియస్ వరకే తట్టుకునే పీవీసీ. బానెట్ కింద ఇంజన్ పక్కన అది చాలదు. కొన్నాళ్లకు గట్టిపడి, వంపుల దగ్గర పగుళ్లిస్తుంది. పైగా ఇంటి వైరులో పోగులు తక్కువ, లావు. బండి అదురుకు అవి ఒక్కొక్కటే తెగుతాయి. కనీసం 105 డిగ్రీలు రాసి ఉన్న ఆటో వైరు, దొరికితే 125 డిగ్రీల ఎక్స్‌ఎల్‌పీఈ (వేడిని ఎక్కువ తట్టుకునే ప్లాస్టిక్ తొడుగు) వైరు తీసుకోండి. ఇంటి వైరు ఇంట్లో పనికొచ్చే మంచి వైరే, కారు దాని చోటు కాదు, అంతే.

ఫ్యూజు ఎక్కడ ఉండాలి? ఎన్ని ఆంపియర్లది?

బ్యాటరీ ప్లస్ దగ్గరే, వైరు పొడవునా కొలిస్తే 15 నుంచి 20 సెంటీమీటర్ల లోపు. స్థలం లేకపోతే ఎంత దూరమైనా 45 సెంటీమీటర్లు మించకూడదు. ఈ పేజీలో ఒక్క సమాధానమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

ఫ్యూజు పరికరాన్ని కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. వైరు ఫైర్‌వాల్ అంచుకు రాసుకుని తొడుగు అరిగి రేకుకు తగిలితే, ఆ షార్ట్‌లోకి బ్యాటరీ వందల ఆంపియర్లు కుమ్మరించగలదు. కొన్ని సెకన్లలో తొడుగు పొగలు కక్కి, పక్కన ఉన్న ఒరిజినల్ వైర్లను, డ్యాష్‌బోర్డు అడుగున ఉన్న దూదిని అంటిస్తుంది. ఫ్యూజు లోపల స్టీరియో పక్కన ఉంటే, షార్ట్ అయిన చోటుకూ బ్యాటరీకీ మధ్య ఆపేది ఏదీ లేదు. ఆ ఫ్యూజు చెక్కుచెదరకుండానే ఉంటుంది, బండి మాత్రం కాలుతుంది.

విలువ పరికరం కరెంటుకు ఒకటింబావు రెట్లు ఉండాలి, వైరు ఓర్చుకునేదాన్ని మాత్రం దాటకూడదు. 1 స్క్వేర్‌కు 10 ఆంపియర్లు, 1.5కు 15, 2.5కు 20, 4కు 30, 6కు 40, 10 స్క్వేర్‌కు 60 పెట్టుకుంటే నిశ్చింత. రంగులు గుర్తుంటే మేలు: 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని పెద్దది వేయడం, పత్తీల మధ్య వైరు పోగు చుట్టడం, రెండూ ఒకటే తప్పు. పోతోందంటే ఎక్కడో రాసుకుంటోంది, వెతకండి. హోల్డరు నీరు చొరని మూతతో ఉండాలి. వాషింగ్ సెంటర్లో బానెట్ ఎత్తి ప్రెషర్‌తో నీళ్లు కొడతారు.

ఫైర్‌వాల్‌లో దారి ఎక్కడ దొరుకుతుంది?

ముందు కంపెనీ వదిలిన దారులు వెతకండి. లోపల డ్రైవరు, పక్క సీటు కాళ్ల దగ్గర కార్పెట్టు పైకెత్తి, టార్చి పట్టుకుని తల కిందికి పెట్టి చూడాలి. బానెట్ వైపు నుంచి ఇంకొకరు టార్చి వేస్తే పని సులువు.

మొదటిది మెయిన్ వైరింగ్ కట్ట వచ్చే పెద్ద రబ్బరు గ్రోమెట్ (రేకు రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు చుట్టు). కొన్నింటికి వాడని చిన్న చనుమొనలు పక్కన పొడుచుకొచ్చి ఉంటాయి, అవి సరిగ్గా ఇలాంటి వైర్ల కోసమే. రెండోది ఖాళీ రబ్బరు బిళ్లలు. ఒకే మోడల్‌ను కుడి, ఎడమ స్టీరింగ్ దేశాలు రెండింటికీ తయారు చేసేటప్పుడు అవతలి వైపు రంధ్రాలకు బిళ్ల కొట్టి వదిలేస్తారు. మన కార్లలో ఇది ఎడమ పక్కన, అమెరికాలో కారు నడిపేవారికి కుడి పక్కన వెతకాల్సినది. ఆటోమేటిక్ బండ్లలో క్లచ్ కోసం వదిలిన రంధ్రానికీ ఒక్కోసారి బిళ్లే ఉంటుంది. మూడోది బానెట్ తెరిచే కేబుల్ గ్రోమెట్, సన్న వైరు ఒకటి పడుతుంది.

స్టీరింగ్ రాడ్డు బూటులోంచి, క్లచ్ కేబుల్ పక్క నుంచి, ఏసీ నీరు కారే గొట్టం రంధ్రంలోంచి తీసుకురావద్దు. మొదటి రెండూ కదులుతాయి, మూడోది నీటి దారి.

గ్రోమెట్‌లోంచి వైరు ఎలా దూర్చాలి?

ముందు బ్యాటరీ మైనస్ విప్పండి, సాధారణంగా పదో నంబరు పానా పడుతుంది. మైనస్ ముందు విప్పి, చివర బిగించాలి. ప్లస్ ముందు విప్పేటప్పుడు పానా బాడీకి తగిలితే నేరుగా షార్ట్. తాళం బయట మీ దగ్గరే ఉంచుకోండి, డిక్కీలో పెట్టి మూయకండి.

చనుమొన ఉంటే దాని కొనను కత్తెరతో ఏటవాలుగా, వైరు లావుకన్నా కాస్త చిన్నగా కత్తిరించండి. రబ్బరు వైరును బిగించి పట్టుకోవాలి. బిళ్ల అయితే బయటికి పీకి, బల్ల మీద పెట్టి మధ్యలో చిన్న చిల్లు చేసుకోవడం మేలు. పీకకుండా కత్తితో పొడిస్తే అవతల ఏముందో కనబడదు.

మెయిన్ గ్రోమెట్ గుండానే పోవాల్సి వస్తే కత్తి, స్క్రూడ్రైవరు ముట్టొద్దు. మొన గుండ్రంగా అరగదీసిన సైకిల్ స్పోకు గానీ, సన్నటి స్వెటరు సూది గానీ తీసుకుని, కట్టకు ఆనకుండా గ్రోమెట్ అంచు వైపు నుంచి మెల్లగా గుచ్చండి. లోపల ఈసీయూకు పోయే వైర్లున్నాయి. ఒక్క వైరు తొడుగు చీరినా ఆర్నెల్ల తర్వాత తేమ చేరి చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు. స్పోకు అవతలికి వచ్చాక వైరు కొనను దాని పక్కన పెట్టి, కొన దగ్గర సన్నగా, వెనక్కి వచ్చేకొద్దీ లావుగా టేపు చుట్టి లాగండి. జారడానికి సబ్బు నీళ్లు లేదా సిలికాన్ స్ప్రే రాయండి. ఇంజన్ ఆయిలు, గ్రీజు రాస్తే ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

వైరు వచ్చాక బానెట్ వైపు అది గ్రోమెట్ కంటే రెండు మూడు అంగుళాలు కిందికి వేలాడి, మళ్లీ పైకెక్కేలా వంపు వదలండి. వైరు వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. సందులకు న్యూట్రల్ రకం సిలికాన్ రాయండి. పులిసిన వాసన వచ్చే మామూలు సిలికాన్ నుంచి వెనిగర్ ఆమ్లం వెలువడి రేకుకు తుప్పు తెస్తుంది.

ఖాళీ ఎక్కడా లేదు. డ్రిల్లు వేయొచ్చా?

చివరి మార్గంగా మాత్రమే, అదీ రెండు వైపులా చేత్తో తడిమి చూశాక. రేకుకు కారు లోపలి వైపు ఏసీ ఎవాపరేటరు (గాలిని చల్లబరిచే భాగం), హీటరు కోర్ (గాలిని వేడిచేసే భాగం), బానెట్ వైపు బ్రేక్ బూస్టరు, బ్రేక్ పైపులు ఉంటాయి. 3 ఎం.ఎం. బిట్‌తో మొదలుపెట్టి, బిట్ ఒక సెంటీమీటరు కంటే లోపలికి పోకుండా దానికి రబ్బరు గొట్టం ముక్క తొడగండి. లోపలి దూది పరుపును ముందే కోసి తీసేయండి, లేదంటే బిట్‌కు చుట్టుకుని డ్రిల్లును చేతిలోంచి తిప్పేస్తుంది. తర్వాత మెట్లు మెట్లుగా లావెక్కే స్టెప్ బిట్‌తో గ్రోమెట్ సైజుకు పెంచి, అంచును గుండ్రటి ఆకురాయితో నున్నగా రాయండి. బయటపడ్డ ఇనుము మీద ప్రైమరు, పెయింటు వేసి ఆరాకే గ్రోమెట్ పెట్టాలి. పొట్టు మొత్తం అయస్కాంతంతో ఏరేయండి. గ్రోమెట్ లేకుండా ఉత్త రంధ్రంలోంచి వైరు తెస్తే ఆ రేకు అంచు అదురుకు రంపంలా పనిచేస్తుంది.

తలుపు సందులోంచి తెస్తే ఈ బాధంతా ఉండదు కదా?

తలుపు మూసిన ప్రతిసారీ వైరు నలుగుతుంది, రబ్బరు బీడింగ్ మూసుకోక వాన నీరు లోపలికి వస్తుంది. వద్దు.

బానెట్ కింద వైరు ఎటునుంచి నడపాలి?

ఎగ్జాస్ట్ మానిఫోల్డు, టర్బో, రేడియేటరు ఫ్యాను నుంచి కనీసం ఒక జానెడు దూరంగా, వీలైతే ఒరిజినల్ వైరింగ్ కట్ట వెంటే. చీలిక ఉన్న ముడతల గొట్టంలో వైరు పెట్టి, 15 నుంచి 20 సెంటీమీటర్లకొక టై వేయండి. ఇంధనం పైపుకు, సీఎన్‌జీ పైపుకు, బ్రేక్ పైపుకు టై కట్టొద్దు. ఇంజన్ కదులుతుంది, బాడీ కదలదు. రెండింటి మధ్య వైరు వెళ్లేచోట కొంచెం వదులు ఉంచాలి.

ఎలుకలు ఉన్నచోట నైలాన్ అల్లిక స్లీవ్ కొంత నయం, కానీ అసలు మందు గ్రోమెట్ సందు పూర్తిగా మూసేయడమే. ఆ సందు రబ్బరును కొరికి పెద్దది చేసుకుని లోపలికి వస్తాయి. సీటు ఫోమును, ఏసీ ఫిల్టరును గూడు చేసుకుంటే ఖర్చు వేలల్లో తేలుతుంది.

లోపల వైపు ఏం జాగ్రత్తలు?

పెడళ్లు మూడింటినీ చేత్తో పూర్తిగా నొక్కి, స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి, ఎక్కడా వైరు తగలడం లేదని చూడాలి. ఊడి వేలాడే వైరు బ్రేక్ పెడల్ వెనక ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది. పసుపు గొట్టం, పసుపు కనెక్టరు ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని తాకొద్దు, వాటికి టై కట్టొద్దు, టెస్టర్ బల్బు గుచ్చొద్దు.

నల్ల పీవీసీ టేపు లోపల వాడకండి. రెంటచింతల, రామగుండం ఎండల్లో అద్దాలు మూసి నిలిపిన బండిలో దాని జిగురు కరిగి కారుతుంది, టేపు ఊడి వస్తుంది. కార్ల కంపెనీలు వాడే గుడ్డ టేపు తీసుకోండి.

ఎర్త్ ఎక్కడ ఇవ్వాలి?

బాడీ రేకుకు గట్టిగా బిగిసిన ఎం6 బోల్టుకు. కింద పెయింటు గీరి, లగ్గు బిగించి, పైన కొంచెం పెట్రోలియం జెల్లీ రాయండి. సీటు బెల్టు బోల్టు వాడొద్దు. బ్యాటరీ మైనస్ మీద చిన్న సెన్సారు పెట్టె ఉన్న బండ్లలో మైనస్ పోస్టుకు నేరుగా ఏదీ కలపకండి. ఆ కరెంటు సెన్సారు లెక్కలోకి రాదు, చార్జింగ్, ఇంజన్ స్టాప్-స్టార్ట్ తప్పుతాయి.

ఎర్త్ బాగుందో లేదో ఓమ్స్‌లో చూస్తే తెలియదు. పరికరం నడుస్తుండగా దాని మైనస్‌కూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య వోల్టేజీ కొలవండి. 0.1 వోల్టు లోపు ఉండాలి.

జాయింట్లు మెలిపెట్టి టేపు చుడితే చాలదా?

చాలదు. సరైన సైజు లగ్గు లేదా స్లీవు, దాన్ని వైరు మీద నొక్కి బిగించే క్రింపింగ్ పనిముట్టు, పైన జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకుని బిగిసే గొట్టం) కావాలి. కటింగ్ ప్లయరుతో నొక్కిన లగ్గు గుంజితే ఊడుతుంది, కాబట్టి ప్రతిదాన్నీ గుంజి చూడండి. సోల్డరింగ్ చేస్తే కరిగిన సీసం పోగుల్లోకి పాకి ఆ ముక్క గట్టిపడుతుంది. అది ముగిసే చోట అదురుకు వైరు తెగుతుంది. ఫైర్‌వాల్ లోపల, గ్రోమెట్ దగ్గర జాయింటు ఉండకూడదు. ఇటునుంచి అటు ఒకే వైరు.

కొత్త వైరు వేశాక వానకు కాళ్ల కింద తడి వస్తోంది.

ఏసీ వేసినప్పుడే తడి వస్తే అది ఏసీ డ్రెయిన్ సమస్య, వైరుది కాదు. వానకు మాత్రమే వస్తే లోపల ఒకరు టార్చితో కూర్చోగా, బయట మగ్గుతో వైపర్ల కింది జాలీ మీద, తర్వాత గ్రోమెట్ మీద నెమ్మదిగా నీళ్లు పోసి చూడండి. ఆలస్యం చేయకండి. చాలా బండ్లలో బాడీ కంట్రోల్ యూనిట్టు, కనెక్టర్లు ఆ పక్కనే ఉంటాయి.

రెండు రోజులు ఆపితే బ్యాటరీ దిగిపోతోంది.

మైనస్ తీగ విప్పి, మల్టీమీటరును 10 ఆంపియర్ల దగ్గర పెట్టి ఆ తీగకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్యలో కలపండి. బండి తాళం వేసి అరగంట ఆగాక చూడాలి, యూనిట్లు నిద్రలోకి పోవడానికి సమయం పడుతుంది. 50 మిల్లీఆంపియర్ల లోపు మామూలే. డ్యాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్‌లో 0.3 ఆంపియరు తీసుకుంటే రోజుకు 7 ఆంపియర్ అవర్లు. 45 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ మూడు రోజులకే సగం అవుతుంది. 12.2 వోల్టుల దగ్గర ఆపేసే కట్-ఆఫ్ పెట్టండి.

వారంటీ, ఇన్సూరెన్స్ మాటేమిటి?

ఒరిజినల్ వైరు కోస్తే ఎలక్ట్రికల్ వారంటీకి ఇబ్బంది. ఫ్యూజు ట్యాప్, రిలే, విడి వైరింగ్ అయితే తీసేసి మొదటి స్థితికి తేవచ్చు, అందుకే ఆ పద్ధతులు చెప్పాం. కంపెనీ ధరలో లేని ఎలక్ట్రికల్ సామాను పాలసీలో విడిగా రాయించాలి, దానికి ఐఎంటీ-24 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి అదనంగా చేర్చే షరతు) ఉంది. రకరకాల స్వరాలు పలికే హారన్లను కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 119వ నిబంధన నిషేధించింది. ఎంత బాగా వైరింగ్ చేసినా అది మారదు.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కారులో ఇవే పద్ధతులా?

12 వోల్టుల చిన్న బ్యాటరీ వాటిలోనూ ఉంటుంది, లోపలి ఫ్యూజు బాక్సు నుంచి డ్యాష్‌క్యామ్‌కు తీసుకోవడం వరకు పద్ధతి ఒకటే. నారింజ రంగు తొడుగున్న కేబుళ్లు మాత్రం వందల వోల్టులవి. అవి ఉన్న పక్కన ఫైర్‌వాల్‌కు డ్రిల్లు వేయొద్దు, వాటి వెంట వైరు నడపొద్దు, వాటి గ్రోమెట్ ముట్టొద్దు. గోడ దాటాల్సిన పని ఏదైనా ఉంటే ఆ కంపెనీ శిక్షణ పొందిన సర్వీసు సెంటరులోనే చేయించండి.